అప్పజెప్పడం నుంచి రాయడం దాకా: హైస్కూలు ఇంగ్లీషు తరగతి, తెలుగు వచన వివాదం

వ్యావహారిక భాషావాదాన్ని మన సాహిత్య చరిత్రలు సాధారణంగా రెండు వ్యాకరణ దృష్టుల మధ్య జరిగిన పోరాటంగా చెబుతాయి. ఒకవైపు చిన్నయసూరి బాలవ్యాకరణమూ దానిని ప్రమాణంగా స్వీకరించిన పండితులూ, మరొకవైపు గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు. ఈ చిత్రణ అబద్ధం కాదు, అసంపూర్ణం. 1911–14 మధ్య సాగిన వివాదంలో కేంద్రప్రశ్న కావ్యభాషకు సంబంధించినది కాదు. హైస్కూలు పైతరగతుల విద్యార్థి, ఇంటర్మీడియట్ విద్యార్థి తెలుగులో సొంతంగా రాసే వ్యాసం ఏ భాషలో ఉండాలి అన్నదే ఆనాటి ప్రశ్న. మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన ఉపసంఘం పేరులోనే ‘కాంపోజిషన్’ అనే మాట ఉంది. ఆ మాటా, అది సూచించే అభ్యాసమూ తెలుగు తరగతిలో పుట్టినవి కావు. అవి పక్కగదిలోని ఇంగ్లీషు తరగతి నుంచి వచ్చాయి. ఈ రాకను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠం వల్లించి అప్పజెప్పడం ఇంగ్లీషు బడులతో మొదలైన అలవాటు కాదు. బళ్లారి జిల్లా కలెక్టరుగా ఉన్న ఎ.డి. కాంప్‌బెల్ 1823లో ప్రభుత్వానికి పంపిన నివేదిక ఇందుకు సాక్ష్యం. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించినవాడు కనుక ఆ భాష సంగతి ఆయనకు తెలుసు. జిల్లాలోని 533 బడులను, వాటిలోని 6,641 మంది విద్యార్థులను లెక్కించి వీధిబడి దినచర్యను ఆయన వివరంగా రాశాడు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాయడం, తరువాత వచ్చినవాడికి సున్నా చుట్టడం, ఆ తరువాతి వారికి వరుసగా బెత్తం దెబ్బలు పెంచుకుంటూ పోవడం వంటి వివరాలు ఎక్కువ మందికి తెలిసినవే. అంతగా పట్టించుకోనిది మరొకటి ఉంది. పిల్లలు వల్లించే పద్యాల భాష వారు మాట్లాడే భాష కాదనీ, అందువల్ల అర్థం తెలియకుండా చిలకల్లా ఒప్పజెబుతున్నారనీ ఆయన ఫిర్యాదు. గిడుగు పుట్టడానికి నలభై ఏళ్ల ముందే, ఆయన తరువాత చేయబోయే వాదానికి ఆధారమైన పరిశీలన ఒక కలెక్టరు కచేరీ కాగితంలో నమోదై ఉంది. కాని కాంప్‌బెల్ విద్యార్థి ఏమి చదువుతున్నాడని మాత్రమే అడిగాడు. ఏమి రాస్తున్నాడని అడగలేదు. వీధిబడిలో రాయడమంటే ఇసుకలో అక్షరాలు దిద్దడం, లెక్కలు, ఉత్తరం, దస్తావేజు వరకే. సొంత ఆలోచనను వాక్యాలుగా పేర్చమనే పని అక్కడ లేదు.

1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో స్థాపించిన మిషన్ పాఠశాల, తరువాత రాజమహేంద్రవరం, విజయనగరం వంటి పట్టణాలలో పెరిగిన ఉన్నత పాఠశాలలు కొత్త కాలగణనను తెచ్చాయి. సంప్రదాయ విద్యలో విరామం తిథిని బట్టి వస్తుంది. పాడ్యమి, అష్టమి, పౌర్ణమి, అమావాస్య అనధ్యయనాలు. ఇంగ్లీషు బడిలో విరామం ఆదివారం. వారం యూనిట్ కావడంతో పాఠం కూడా వారానికి ఇంత అని కొలతకు వచ్చింది. రీడరులో పాఠం, వ్యాకరణంలో సూత్రం, కంఠస్థానికి పద్యం, డిక్టేషన్, అనువాదం అంటూ ఒక్కొక్కదానికి గంట ఏర్పడింది. ఆ గంటకు తగిన ఇంటిపని ఏర్పడింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చాక వీటన్నిటికీ మెట్రిక్యులేషన్ గమ్యమైంది. అయితే గంటల పట్టిక మారినంత మాత్రాన గంటలో జరిగేది మారలేదు. శతక పద్యం స్థానంలో ఇంగ్లీషు రీడరు వచ్చింది, వల్లె వేయడం అలాగే నిలిచింది.

దీనికి మన సాహిత్యంలో ఉన్న ఉత్తమ సాక్ష్యం కన్యాశుల్కం. దానిని విద్యాచరిత్రకు ఆకరంగా వాడుకోవడంలో మనం కొంత వెనుకబడ్డామని నా అభిప్రాయం. గురజాడ విజయనగరం మహారాజావారి ఉన్నత పాఠశాలలోనూ కళాశాలలోనూ బోధించినవాడు. ఇంగ్లీషు తరగతిని బల్లకు రెండు వైపుల నుంచీ చూశాడు. నాటకంలో వెంకటేశానికి కావలసిన పుస్తకాలంటూ గిరీశం చెప్పించే జాబితా ఒక హైస్కూలు తరగతి సామగ్రిని దాదాపు పూర్తిగా మన ముందుంచుతుంది. రాయల్ రీడరు ఉంది, వ్యాకరణం ఉంది, గణిత గ్రంథాలున్నాయి, తెలుగు వైపు నలచరిత్ర, రాజశేఖర చరిత్ర ఉన్నాయి. పాఠ్యగ్రంథాన్ని సులభం చేసే ‘మేడీజీ’ కూడా ఉంది. దానికి జోడీగా కష్టతరం చేసే పుస్తకాన్ని గురజాడ కల్పించడం హాస్యమే. కాని గైడు పుస్తకం విద్యార్థి సంచిలోకి అప్పటికే చేరిందన్నది హాస్యం కాదు.

అంతకంటే విలువైనది ద్వితీయాంకంలోని ఇంగ్లీషు సంభాషణ. కొడుకు ఇంగ్లీషు ఎలా మాట్లాడతాడో వినాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది. గురుశిష్యులు మాట్లాడుకుంటారు. ఆ ‘సంభాషణ’లో ఒక్క వాక్యం కూడా మాట్లాడేవాడిది కాదు. గిరీశం పిల్లల పాటతో మొదలుపెడతాడు. వెంకటేశం ఒక గుడారంలోని తెల్లదొర గురించి వాచకంలోని వాక్యంలా వినిపించేదొకటి జవాబుగా ఇస్తాడు. గిరీశం బడిలో కంఠస్థం చేయించే వీరగాథా పద్యంలోకి వెళతాడు, శిష్యుడు రేఖాగణితంలోకి. తరువాత మిల్టన్ మహాకావ్య ప్రారంభం మామిడిచెట్టుతో కలిసి వస్తుంది. దానికి ప్రత్యుత్తరం నామవాచకాల బహువచన సూత్రం. రేఖాగణిత వాక్యాన్ని కొంచెం ఆగి చూడాలి. అందులోని పదబంధాలు యూక్లిడ్ ప్రతిపాదనలవే, కాని చెప్పిన విషయం గణితపరంగా తప్పు. ట్రెపీజియం భుజాలు సమానమని ఏ సిద్ధాంతమూ చెప్పదు. పదాలు నాలుకకు అంటి, అర్థం జారిపోయిన స్థితిని దీనికంటే క్లుప్తంగా చూపడం కష్టం. వారం వారం అప్పజెప్పిన పాఠాల ముక్కలే ఈ సంభాషణ. గంటల పట్టికను విడదీసి వరుస తప్పించి చదివినట్లుంటుంది.

వెంటనే కరటకశాస్త్రి ఒక తెలుగు పద్యం చదవమంటాడు. నలదమయంతుల గురించిన పద్యం వస్తుంది, అందులోని సమాసానికి అర్థం మాత్రం రాదు. ఈ రెండు ఘట్టాలను గురజాడ పక్కపక్కన పెట్టడం యాదృచ్ఛికం కాదు. ఇంగ్లీషు మోజుపై ఎత్తిపొడుపుగా మొదటి ఘట్టాన్ని ఒంటరిగా చదివే విమర్శ ఇక్కడ సగంలో ఆగిపోతుంది. నాటకకర్త రెండు తరగతులనూ ఒకే పరీక్షకు పెట్టాడు, రెండూ తప్పాయి. సొంత వాక్యం అనేది వెంకటేశం దగ్గర రెండు భాషలలోనూ లేదు. ఇంట్లో పెద్దలతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ కుర్రవాడి తెలుగు సలక్షణంగా, చురుకుగా ఉంటుంది. బడి ఆ భాషను లెక్కలోకి తీసుకోలేదు.

మార్పు ఇంగ్లీషు వైపు నుంచే మొదలైంది. 1882లో జర్మన్ పండితుడు విల్హెల్మ్ ఫియెటర్ భాషాబోధన తలకిందులు కావాలని పిలుపునిచ్చాడు. ఇంగ్లండులో హెన్రీ స్వీట్, డెన్మార్కులో ఒట్టో యెస్పర్సన్ ఆ ఆలోచనకు శాస్త్రరూపమిచ్చారు. మాట ముందు, సూత్రం తరువాత. ప్రశ్న ఏ భాషలో అడిగితే జవాబు ఆ భాషలోనే. అనువాదం మెట్టుగా కాక చివరి ఫలంగా. ఇదే ‘డైరెక్టు మెథడ్’. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ ఈ పద్ధతి పక్షపాతి. జీవద్భాషను జీవద్భాషగానే నేర్పాలన్న సూత్రాన్ని ఆయన తెలుగుకు కూడా వర్తింపజేయాలనుకోవడంతో సమస్య బయటపడింది. జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకంలోని తెలుగుకూ ఇంత తేడా ఎందుకని ఆయన విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. ఆ ప్రశ్న అక్కడి నుంచి గురజాడకు, పర్లాకిమిడిలో మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పిన గిడుగుకు చేరింది. ముగ్గురూ వృత్తిరీత్యా అధ్యాపకులో, అధ్యాపకులుగా పనిచేసినవారో కావడం గమనార్హం. 1909లో అయ్యంగారు దేశభాషల తరఫున రాసిన ఇంగ్లీషు పుస్తకం ఈ బృందం ఆలోచనలకు తొలి ప్రకటన.

తరగతిలో ఈ పద్ధతి ఎలా చిక్కుకుంటుందో ఒక చిన్న ఉదాహరణతో చూడవచ్చు. దారిన పోయే కుర్రవాణ్ణి చూపి ఉపాధ్యాయుడు వాడేం చేస్తున్నాడని ఇంగ్లీషులో అడుగుతాడు. విద్యార్థి నోటితో చెప్పిన వాక్యాన్నే పలకమీద రాస్తే అది ఒప్పు. అదే ప్రశ్న తెలుగు గంటలో అడిగితే విద్యార్థి ‘వాడు బడికి వెళ్తున్నాడు’ అంటాడు. రాసేటప్పుడు అది ‘వాఁడు బడికిఁ బోవుచున్నాఁడు’ కావాలి. మూడు మాటల వాక్యంలో క్రియాధాతువు మారింది, క్రియారూపం మారింది, మూడు చోట్ల అరసున్న చేరింది, ద్రుతం మీది పరుషం సరళమైంది. పరాయిభాషలో సొంత వాక్యం ఒప్పుగా నిలిచి, సొంతభాషలో అదే తప్పుగా మారే వింత పరిస్థితి ఇది. అప్పజెప్పే చదువులో ఈ వైరుధ్యం కనబడదు. నీతిచంద్రికను వల్లించేవాడికి ఏ తెలుగు అన్న సందేహమే రాదు. కాంపోజిషన్ ఇంటిపనిగా వచ్చినప్పుడే అది వస్తుంది.

1904 విశ్వవిద్యాలయాల చట్టం తరువాత జరిగిన సంస్కరణలలో దేశభాషా రచన ఇంటర్మీడియట్ కోర్సులోకి వచ్చింది. 1911 నాటికి అమలులోకి వచ్చిన స్కూల్ ఫైనల్ పథకం దానిని హైస్కూలు దాకా తెచ్చింది. ప్రాచీన శైలిలోగాని ఆధునిక శైలిలోగాని రాయవచ్చునన్న వెసులుబాటు ఇవ్వగానే నిరసన బయలుదేరింది. 1911లోనే ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, దాని సారథి జయంతి రామయ్య పంతులు ఆ నిరసనకు కేంద్రమయ్యారు. రామయ్య పంతులు వాదాన్ని ఛాందసమని తోసిపుచ్చడం మనకు అలవాటైంది. ఉపాధ్యాయుడి దృష్టితో చూస్తే అందులో బలం ఉంది. గంజాం విద్యార్థి ఒకలా, నెల్లూరు విద్యార్థి మరొకలా రాస్తే మార్కులు వేసేవాడికి కొలబద్ద ఏది? దీనికి గిడుగు ఇచ్చిన సమాధానం శిష్టవ్యావహారికం, అంటే చదువుకున్నవారు నిత్యం మాట్లాడే భాష. సమాధానం ఆచరణయోగ్యమే. కాని దాని పరిధి కూడా హైస్కూలు పరిధే. ఆ బల్లల మీద కూర్చున్నవారు అత్యధికంగా అగ్రవర్ణాల మగపిల్లలు. విద్యార్థి సొంత వాక్యం కోసం జరిగిన పోరాటంలో ‘విద్యార్థి’ ఎవరన్నది చర్చకు రాలేదు. కొలబద్ద పుస్తకం నుంచి మనిషి దగ్గరకు వచ్చింది, నిజమే. ఆ మనిషి అందరూ కాదు.

1914లో ఉపసంఘం అభిప్రాయంతో విభేదించి గురజాడ రాసిన అసమ్మతి పత్రం ఈ వివాదంలో అత్యంత పరిణతమైన రచన. మరుసటి ఏడాదే ఆయన మరణించారు. విశ్వవిద్యాలయం గ్రాంథికం వైపే మొగ్గింది. గిడుగు 1919లో ‘తెలుగు’ పత్రిక ప్రారంభించి పోరును బడి బయటికి తీసుకువెళ్లారు. పరీక్ష కాగితం మీద వాడుకభాషకు నిరభ్యంతరమైన చోటు దొరకడానికి అర్ధశతాబ్దికి పైగా పట్టింది.

గిడుగు ఖండన పద్ధతిని కూడా ఈ నేపథ్యంలో చూడాలి. ‘బాలకవి శరణ్యము’, ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము’ వంటి రచనలలో ఆయన ప్రతిపక్షుల సిద్ధాంతాన్ని సిద్ధాంతంతో ఎదుర్కొనడం తక్కువ. వారు రాసిన వచనాన్ని తీసుకుని, వారు నమ్మిన వ్యాకరణం ప్రకారమే అందులో ఎన్ని తప్పులున్నాయో ఒక్కొక్కటిగా ఎత్తి చూపుతారు. ఇది శాస్త్రార్థ పద్ధతి కంటే ఇంటిపని పుస్తకం దిద్దే పద్ధతికి దగ్గర. ముప్పై ఏళ్లు నోటుపుస్తకాలు దిద్దిన చేయి పండితుల వచనాన్నీ దిద్దింది. పండితులకే సాధ్యం కాని భాషను పదిహేనేళ్ల పిల్లవాడి నుంచి ఎలా ఆశిస్తారన్నది ఆ దిద్దుబాటు వెనుక ఉన్న ప్రశ్న.

ఇక ఈ వివాదపు కీలకపత్రాల భాష సంగతి. వాడుక తెలుగును సమర్థిస్తూ గిడుగు రాసిన మెమొరాండం ఇంగ్లీషులో ఉంది. గ్రాంథిక తెలుగును సమర్థిస్తూ జయంతి రామయ్య పంతులు రాసిన గ్రంథమూ ఇంగ్లీషులోనే ఉంది. గురజాడ అసమ్మతి పత్రం సరేసరి. చదవవలసినవారు విశ్వవిద్యాలయ, ప్రభుత్వ అధికారులు కావడం ఇందుకు ఒక కారణం. ఉభయపక్షాల తెలుగు రచనలూ లేకపోలేదు. అయినా అధికారుల అవసరం ఒక్కటే కారణమని అనిపించదు. ఒక వాదాన్ని ఎత్తుకుని, ఆధారాలు పేర్చి, ఆక్షేపణకు సమాధానం చెప్పి, పేరా తరువాత పేరాగా ముగింపుకు నడిపించే శిక్షణ ఆ తరానికి ఇంగ్లీషు తరగతిలోనే దొరికింది. రామయ్య పంతులు కూడా వృత్తి పండితుడు కాదు, పట్టభద్రుడైన డిప్యూటీ కలెక్టరు. తెలుగులో అటువంటి శిక్షణ ఉండాలా, ఉంటే ఏ తెలుగులో ఉండాలి అన్న చర్చను ఇరుపక్షాలూ తమకు అప్పటికే చేతనైన కాంపోజిషన్‌లోనే నడిపాయి.