లైనును ఆపే తాడు

అడ్డంగా అల్లే పేక పోగు తెగినా నడుస్తూ పోయే మగ్గం బట్టను పాడుచేస్తుంది. నూలు దండగ, నేత దండగ. జపాన్‌లో 1867లో ఒక వడ్రంగి ఇంట పుట్టిన సకిచి టొయోడా, తల్లి మగ్గం మీద పడే కష్టాన్ని చూస్తూ పెరిగాడు. 1896లో ఆయన తయారుచేసిన మరమగ్గం పేక తెగితే తనంతట తానే ఆగిపోయేది. 1924 నాటి జి-రకం మగ్గం నిలువుగా ఉండే పడుగు పోగు తెగినా ఆగేది. నాడెలో నూలు అయిపోతే, నడక ఆపకుండానే కొత్త నాడెను అందుకునేది. ఒక్కో మగ్గానికి ఒక్కో మనిషి కాపలా కాయాల్సిన అవసరం పోయింది. 1929లో ఇంగ్లండ్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్ కంపెనీ దీని పేటెంట్ హక్కులకు లక్ష పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకుంది.

టొయోడా కుటుంబపు నేత మిల్లులోనే పని నేర్చిన తైఇచి ఓనో 1943లో టయోటా కార్ల కంపెనీకి మారాడు. తప్పు దొరికిన చోటే పని ఆగాలన్న మగ్గం సూత్రం ఆయన మనసులో నాటుకుపోయింది. అయితే కారు బిగించే లైనులో తప్పును కనిపెట్టేది యంత్రం కాదు, అక్కడ నిలబడ్డ మనిషి. ఆ రోజుల్లో కార్ల ఫ్యాక్టరీల్లో లైను ఆపే అధికారం పెద్ద మేనేజర్లదే. బోల్టు సరిగా పడకపోయినా బండి ముందుకు సాగాల్సిందే, చివర్లో ఎవరో సరిచేస్తారు. ఓనో ఆ అధికారాన్ని కార్మికుడి చేతికిచ్చాడు. పనిచేసేచోట తలపైన తాడు కట్టించాడు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది తాడు లాగిన తర్వాత జరిగేది. అందోన్ అనే బోర్డు మీద ఆ చోటి దీపం వెలుగుతుంది. టీమ్ లీడర్ పరుగున వస్తాడు, ఏం సాయం కావాలో అడుగుతాడు. బండి ఆ చోటు దాటేలోగా పని చక్కబడితే లైను నడుస్తూనే ఉంటుంది, లేకుంటే ఆగుతుంది. మొదట్లో లైను మాటిమాటికీ ఆగింది. నష్టం కళ్లముందు కనిపిస్తున్నా కేకలు వేయకుండా ఓర్చుకోవడం పైవాళ్లకు పెద్ద పరీక్షే అయివుంటుంది. తప్పెవరిదని వెతకడం మాని ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడగమన్నాడు ఓనో. ఆయనే ఇచ్చిన ఉదాహరణ ఇది: యంత్రం ఆగింది, ఫ్యూజు పోయింది. బేరింగుకు నూనె అందక బరువు పెరిగింది. నూనె పంపు అరిగింది. అరగడానికి కారణం, జల్లెడ లేక లోహపు రజను లోపలికి పోవడం. ఫ్యూజు మార్చి ఊరుకుంటే యంత్రం మళ్లీ ఆగేదే. ఇలా మూలాలు సరిచేస్తూ పోయేకొద్దీ లైను ఆగడం తగ్గింది.

ఇది జపాన్ మనుషులకే సాధ్యమని అనుకున్నవాళ్లకు కాలిఫోర్నియా జవాబిచ్చింది. ఫ్రీమాంట్‌లోని జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో రోజూ సుమారు ఐదుగురిలో ఒకరు పనికి వచ్చేవారు కాదు. తాగి వచ్చేవాళ్లూ ఉండేవారు. 1982లో దాన్ని మూసేశారు. 1984లో టయోటా, జనరల్ మోటార్స్ కలిసి ‘నమ్మి’ (NUMMI) అనే పేరుతో అక్కడే తిరిగి తెరిచినప్పుడు, పనిలోకి తీసుకున్నది ఎక్కువగా ఆ పాత కార్మికులనే. వాళ్లలో కొందరిని శిక్షణకు జపాన్‌లోని తకఓకా ఫ్యాక్టరీకి పంపారు. లైను ఆగితే తిట్లు తినడమే ఎరిగిన వాళ్లకు, తాడు లాగితే సాయం చేయడానికి మనిషి పరుగెత్తి రావడం నమ్మలేని అనుభవం. కొద్దికాలంలోనే గైర్హాజరు బాగా తగ్గింది, కార్ల నాణ్యత జపాన్ ఫ్యాక్టరీలకు దీటుగా నిలిచింది.

జనరల్ మోటార్స్ తర్వాత లాస్ ఏంజలిస్‌లోని వాన్ నైస్ ఫ్యాక్టరీలోనూ ఈ పద్ధతి పెట్టాలని చూసింది. తాళ్లయితే కట్టారు. వాటిని లాగితే అక్కడి సూపర్‌వైజర్లు కోప్పడేవారు. ఆ ఫ్యాక్టరీ 1992లో మూతపడింది. ఫ్రీమాంట్‌లో లైను 2010 దాకా నడిచింది.