దివ్యాంగులకు సహాయ సేవలు: మొదట్లోనే తెలుసుకోవలసిన హక్కులు

ఉద్యోగ బదిలీపై తెలుగు రాష్ట్రాల నుంచి ఢిల్లీకో, నోయిడాకో, గురుగ్రామ్‌కో తరలివచ్చిన కుటుంబంలో దివ్యాంగులుంటే ముందుగా ఎదురయ్యే ప్రశ్న: అక్కడి వైకల్య ధ్రువపత్రం ఇక్కడ చెల్లుతుందా? చెల్లుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 58వ సెక్షన్ ప్రకారం ఆ పత్రానికి దేశమంతటా గుర్తింపు ఉంది. పింఛను సంగతి వేరు. దాని మొత్తాన్ని, నివాస కాలపరిమితిని ప్రతి రాష్ట్రమూ తన పథకం ప్రకారం నిర్ణయిస్తుంది. యమున దాటి ఢిల్లీ నుంచి నోయిడాకు ఇల్లు మారినా నియమాలు మారతాయి. అందువల్ల కొత్త చిరునామా పరిధిలోని జిల్లా సంక్షేమ కార్యాలయంలో ముందే విచారించడం మేలు.

ధ్రువపత్రం పొందడం

1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించగా, 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన ప్రస్తుత చట్టం 21 రకాలను గుర్తిస్తోంది. ధ్రువపత్రానికి, విశిష్ట గుర్తింపు కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. నివసిస్తున్న జిల్లాలోని వైద్యాధికారులను గాని, చికిత్స పొందుతున్న ఆసుపత్రిని గాని ఎంచుకోవచ్చు. 2024లో సవరించిన నిబంధనలు ఇందుకు మూడు నెలల గడువు విధించాయి. వైకల్య శాతం తక్కువగా నమోదైందని భావిస్తే 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

రిజర్వేషన్ల వంటి ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం అవసరం. అంతకు తక్కువ ఉన్నవారికి హక్కులే లేవనుకోవడం పొరపాటు. సివిల్ సర్వీసెస్ పరీక్షలో లేఖకుని సహాయం కోరిన వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఈ విషయాన్ని స్పష్టం చేసింది. 40 శాతం లేదన్న కారణంతో ఆ సౌకర్యాన్ని నిరాకరించరాదని తీర్పు చెప్పింది.

నిర్ణయం ఎవరిది?

సేవలు మొదలయ్యే వేళ తరచుగా మరుగునపడేది దివ్యాంగుల సొంత అభిప్రాయం. ఇతరులతో సమానంగా వారికీ చట్టపరమైన సామర్థ్యం ఉందని 13వ సెక్షన్ చెబుతోంది. సహాయకులు తమ ఇష్టాన్ని వారిపై రుద్దకూడదు. వారి గౌరవాన్ని, గోప్యతను కాపాడాలి. కుదిరిన ఏర్పాటును మార్చుకోవడానికి, రద్దు చేసుకోవడానికి, మరొకరి సహాయం కోరడానికి దివ్యాంగులకు అధికారం ఉంది. ఫలానా చోటనే ఉండాలని వారిని నిర్బంధించడానికీ వీల్లేదు.

తగిన సహాయం అందినా నిర్ణయాలు తీసుకోలేని స్థితిలో ఉన్నవారికి 14వ సెక్షన్ కింద పరిమిత సంరక్షకుని నియమించవచ్చు. ఆ సంరక్షకుడు కూడా వారిని సంప్రదించే నిర్ణయాలు తీసుకోవాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోపరమైన వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ సంరక్షకుని నియమిస్తుంది.

సంస్థను ఎంచుకునే ముందు

దివ్యాంగుల కోసం సంస్థ నడపాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ పత్రం చూపమని అడగడానికి సంకోచించనవసరం లేదు. ఏ సేవ, ఎన్ని గంటలు, ఎంత రుసుము, మానుకోవాలంటే ఎలా అన్నవి రాతపూర్వకంగా తీసుకోవాలి. అధిక సహాయం అవసరమైనవారు 38వ సెక్షన్ కింద నిర్దేశిత అధికారికి దరఖాస్తు చేసుకోవచ్చు. వారి తరఫున మరొకరైనా చేయవచ్చు. ఆ అవసరాన్ని మదింపు బోర్డు పరిశీలిస్తుంది.

అన్యాయం జరిగితే

హక్కులకు భంగం కలిగితే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు, కేంద్ర ప్రభుత్వ సంస్థలకు సంబంధించిన విషయమైతే ఢిల్లీలోని ప్రధాన కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. విచారణలో వీరికి సివిల్ కోర్టుకుండే కొన్ని అధికారాలు ఉంటాయి. హింస, దూషణ, దోపిడీ జరిగితే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. ఫిర్యాదు అందుకున్న పోలీసు అధికారి, బాధితులకు రక్షణ కోరే హక్కు, ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉన్నాయని తెలియజేయాలి. దరఖాస్తుల నకళ్లు, రసీదులు, తేదీలు భద్రపరచుకుంటే ఫిర్యాదుకు అవే ఆధారమవుతాయి.