బిచ్చగాడి వేషమే రాహదారి: రాహుల్ సాంకృత్యాయన్ 1929 టిబెట్ యాత్ర – ఒక పరిశీలన

హిమాలయ యాత్రల చరిత్రకు ఆధారాలుగా గుర్రాలు, గుడారాలు, కూలీలు వెంట ఉన్న అధికారుల రచనలనే ఎక్కువగా స్వీకరిస్తుంటారు. చేత పైకం లేక, మూట వీపున మోసుకొని కనుమలు దాటినవారి అనుభవం అందులో అరుదు. 1929లో నేపాల్ మీదుగా లాసాకు వెళ్ళిన రాహుల్ సాంకృత్యాయన్ యాత్రారచనలు ఈ లోటును కొంత తీరుస్తాయి. ఆయన ప్రయాణంలో పేదరికమే అనుమతిపత్రంగా పనిచేసిందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

శ్రీలంకలోని విద్యాలంకార పరివేణలో పాలి చదువుతూ సంస్కృతం బోధించిన రాహుల్, భారతదేశంలో లుప్తమైన బౌద్ధ గ్రంథాలను టిబెట్‌లో అన్వేషించదలచారు. ఆ మార్గాన భారతీయులకు ప్రవేశం నిషిద్ధం. శివరాత్రికి పశుపతినాథ దర్శనానికి వెళ్ళే జనంలో కలిసి నేపాల్ చేరారు. అక్కడినుంచి ముందుకు సాగి, సుమతి అనే మంగోలు భిక్షువు తోడుగా, బిచ్చగాడి వేషంలో టిబెట్ దారి పట్టారు.

థోంగ్‌లా కనుమ ఈ యాత్రలో అతి ప్రమాదకరమైన ఘట్టం. మైళ్ళ తరబడి ఊరు లేదు. ఆయుధాలపై కట్టడి లేదు. దొంగలు ముందు చంపి, ఆ తర్వాతే సొమ్ము వెతికేవారట! అనుమానాస్పదమైన ముఖం కనబడగానే రాహుల్ టోపీ తీసి, నాలుక చాపి, పైసా కోసం దీనంగా వేడుకొనేవారు. దోచుకోవడానికి ఏమీ లేనివాడిగా కనిపించడమే ఆయనకు రక్షణ. అయితే వీపుమీది బరువుతో ఆ ఎక్కుడు సాధ్యం కాక, చివరకు గుర్రాలు అద్దెకు తీసుకోవలసి వచ్చింది. పదిహేడు పద్దెనిమిది వేల అడుగుల ఎత్తుకు ఎక్కి ఆవలి వైపు దిగాక, ఎండకు నుదురు మాడుతుంటే వెనుక భుజం మంచులా గడ్డకట్టిందని ఆయన రాశారు. ఆయన గుర్రం మందగొడిది. పైగా దారి తప్పింది. ఆలస్యంగా లంకోర్ చేరేసరికి, టీని మూడుసార్లు వేడిచేసి రెండు బుట్టల పిడకలు తగలేసిన సుమతి మండిపడ్డాడు. చిన్న విషయమే అనిపించవచ్చు. కాని పొదుపు యాత్రలో ఇంధనం ఎంత విలువైనదో దీనికన్నా స్పష్టంగా చెప్పే ఆధారం దొరకడం కష్టం.

కనుమకు ఈవలి చివరి గ్రామంలో సుమతి పరిచయస్థుల వల్ల బిచ్చగాళ్ళకు కూడా మంచి బస దొరికింది. అయిదేళ్ళ తర్వాత అదే ఊరికి రాహుల్ గుర్రమెక్కి, మర్యాదస్థుడిగా వచ్చారు. ఎవరూ చోటివ్వలేదు. అందరికన్నా పేదవారి గుడిసెలో తలదాచుకున్నారు. సాయంత్రం ఛాంగ్ అనే బార్లీ కల్లు తాగాక మనుషుల మనఃస్థితి ఎలా మారుతుందో ఆయన కారణంగా పేర్కొన్నారు. అది నిజమే కావచ్చు. కాని పరిచయం చేసే తోడు లేకపోవడమే అసలు కారణమని ఈ వ్యాసకర్త భావన. ధనం గుర్రాన్ని ఇవ్వగలిగింది, పొయ్యి పక్కన చోటును ఇవ్వలేకపోయింది.

అంతకుముందు 1929 యాత్రలోనే, షేకర్ విహారంలో 103 చేతిరాత సంపుటాల కంజూర్ ఆయనకు కనిపించింది. ఒక్కొక్క సంపుటం పదిహేను సేర్లకు తగ్గని బరువు. దాతల ఇళ్ళు చుట్టివస్తానన్న సుమతిని అంతవరకూ వారిస్తూ వచ్చిన రాహుల్, ఆ గ్రంథాల మధ్య కూర్చున్నాక అభ్యంతరం చెప్పలేదు. తొలి యాత్రలో అలవడిన భాష, ఏర్పడిన పరిచయాలు 1934, 1936, 1938 యాత్రలకు పెట్టుబడి అయ్యాయి. ఆంధ్రదేశం తనవాడిగా చెప్పుకొనే ఆచార్య నాగార్జునుని ‘విగ్రహవ్యావర్తని’ సంస్కృత మూలం 1936లో షాలూ విహారంలో ఆయన కంటబడింది. మరుసటి ఏడాది అది అచ్చయింది.