గోనెస్ నుంచి మొగిలిగుండ్ల దాకా

2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో పెద్ద గుండ్రటి వస్తువొకటి దిగింది. జనం గుమిగూడారు, ఫొటోలు తీశారు. "ఏలియన్స్ వచ్చారట" అంటూ మా ఆఫీసు గ్రూపులో ఊరోళ్ళ మీద ఒకటే జోకులు. తీరా అది హాలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ క్యాప్సూల్. హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరింది. ఆ కేంద్రం 1969 నుంచీ ఉందని జోకులేసిన మాలో ఎవరికీ తెలీదు!

ఇదేం కొత్త కథ కాదు. 1783 జూన్‌లో ఫ్రాన్సులో మాంట్‌గోల్ఫియర్ అన్నదమ్ములు జనం ముందు వేడిగాలి బెలూన్ ఎగరేశారు. ఆగస్టు 27న షార్ల్ అనే ఆయన పారిస్‌లో హైడ్రోజన్ బెలూన్ వదిలితే, అది గోనెస్ అనే పల్లెలో పడింది. రైతులు భూతమనుకుని పంగల కర్రలతో పొడిచి చింపేశారు. చివరికి ప్రభుత్వమే భయపడొద్దని ప్రకటన ఇవ్వాల్సొచ్చింది. నవంబరు 21కల్లా ఇద్దరు మనుషులు వేడిగాలి బెలూన్‌లో పారిస్ మీదుగా ఎగిరారు.

మా సెంటినరీ కాలనీ దగ్గర ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగుకి ముందు సైరన్ మోగుతుంది. ఇల్లు అదిరినా మేమెవరం పరిగెత్తలేదు. తెలివి ఎక్కువై కాదు, ముందే తెలుసు కాబట్టి.

టీఐఎఫ్ఆర్ వాళ్ళూ ముందుగా ప్రకటనలిస్తారు. కానీ పేపర్లో ప్రకటన వేరు, పొలంలో ఉన్నోడి చెవిన పడే సైరన్ వేరు. మనమూ రిలీజ్ నోట్స్ పంపేసి యూజర్‌కి అన్నీ తెలుసనుకుంటాం కదా?

నవ్వాల్సింది ఊరోళ్ళని చూసి కాదు.