తూటాకి ఎక్స్‌పైరీ డేట్: 2008లో అమెరికాలో పుట్టిన ఒక పుకారు కథ

పాల ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ డేట్ చూస్తాం, టాబ్లెట్ షీట్ వెనక చూస్తాం. తుపాకీ తూటా మీద ఎప్పుడైనా విన్నారా? 2008 చివర్లో, 2009లో అమెరికాలో చాలామంది తుపాకీ ఓనర్లు ఇది నిజంగా రాబోతోందని నమ్మారు. ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

ముందు తూటా ఎలా పనిచేస్తుందో చూద్దాం, లేకపోతే పుకారు అర్థం కాదు. తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గొట్టం, అంటే కేసు. లోపల మందు. ముందు దూసుకెళ్లే బుల్లెట్. వెనక అడుగున చిన్న బొత్తాంలా ఉండేది ప్రైమర్. ట్రిగ్గర్ నొక్కితే ఒక పిన్ను వెళ్లి ప్రైమర్‌ని కొడుతుంది, అది నిప్పురవ్వ ఇస్తుంది, మందు అంటుకుంటుంది. అమెరికాలో చాలామంది కాల్చేసిన కేసుల్ని ఏరుకుని, ఇంట్లో గ్యారేజ్‌లోనే కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ పెట్టి మళ్లీ తూటా చేసుకుంటారు. దీన్ని రీలోడింగ్ అంటారు. ఖర్చు తగ్గుతుంది, అదొక హాబీ కూడా. కానీ ప్రైమర్ మాత్రం ఫ్యాక్టరీ నుంచి కొనాల్సిందే.

పుకారు సరిగ్గా అక్కడే పట్టుకుంది. ప్రభుత్వం కంపెనీలకి లోపాయికారీగా చెప్పిందట, కొత్త ప్రైమర్లు కొంతకాలానికి వాటంతట అవే పాడైపోతాయట. అంటే ఎన్ని దాచుకున్నా వేస్ట్. తుపాకీ మీ దగ్గరే ఉంటుంది, కానీ అది ఉత్త ఇనప ముక్క. వినడానికి ఎంత నీట్‌గా ఉందో చూడండి. స్క్రీన్‌ప్లే రాసినట్టే ఉంది.

టైమింగ్ కూడా అలాంటిదే. 2008 నవంబర్ 4న ఒబామా గెలిచారు. తుపాకీల మీద ఆంక్షలు వస్తాయని భయం మొదలైంది. షాపులో తుపాకీ కొనేటప్పుడు చేసే ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్స్ 2007 నవంబర్‌లో సుమారు 10.8 లక్షలు. 2008 నవంబర్‌లో 15.3 లక్షలు. ఒక చెక్ అంటే ఒక తుపాకీ అమ్మకమని కాదు, కానీ జనం మూడ్ తెలుస్తుంది కదా.

మరి అలాంటి ప్రైమర్ సాధ్యమేనా? నేను కోడ్ రాసిన వాడిని కాబట్టి నాకు ట్రయల్ వెర్షన్ గుర్తొచ్చింది. ముప్పై రోజులు పనిచేస్తుంది, ముప్పై ఒకటో రోజు లాక్ అయిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో అది రెండు లైన్ల పని. రసాయనానికి క్యాలెండర్ తెలియదు బాస్. అది వేడికి, తేమకి మెల్లమెల్లగా పాడవుతుంది. పొడిగా, చల్లగా దాచితే రెండో ప్రపంచ యుద్ధం నాటి తూటాలు కూడా దశాబ్దాల తర్వాత పేలాయి. అసలు ప్రైమర్ చరిత్రే దీనికి రివర్స్. పాతకాలం చెకుముకి తుపాకులు వానొస్తే మొండికేసేవి. స్కాట్లాండ్‌లో అలెగ్జాండర్ ఫోర్సిత్ అని ఒక పాస్టర్, పక్షుల వేట పిచ్చి. ముందు వచ్చే ఆ మెరుపు చూసి పక్షులు ఎగిరిపోతున్నాయని విసిగిపోయి, కొడితే పేలే రసాయనాన్ని తుపాకీలో వాడి 1807లో పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి నుంచి జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం ఇది ఎలా నమ్మకంగా పేలాలి, ఎలా ఎక్కువ కాలం నిలవాలి అనే.

ఇక చట్టం సంగతి. ప్రైమర్లకి గడువు పెట్టే చట్టం గానీ ఆర్డర్ గానీ ఏదీ రాలేదు.

మరి ఎందుకు నమ్మారు? నమ్మినవాళ్లని పిచ్చోళ్లు అనేస్తే నేనొప్పుకోను. చుట్టూ నిజాలు కొన్ని తిరుగుతున్నాయి. 2008లో చాలా రాష్ట్రాల్లో, ప్రతి తూటా మీద సీరియల్ కోడ్ ఉండాలని బిల్లులు పెట్టారు. వాటిల్లో కొన్ని, కోడ్ లేని పాత తూటాల్ని ఒక తేదీలోపు వదిలించుకోవాలన్నాయి. చూశారా, అక్కడ తేదీ ఉంది! 2009 మార్చిలో ఇంకోటి. సైన్యం కాల్చేసిన ఇత్తడి కేసుల్ని ఇకపై రీలోడింగ్ కంపెనీలకి అలాగే అమ్మకుండా, ముక్కలు చేసి తుక్కుగా అమ్మాలని రక్షణ శాఖ నుంచి ఆదేశం వచ్చింది. మోంటానా సెనేటర్లు టెస్టర్, బాకస్ లెటర్ రాశారు, రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. కానీ జనానికి మెసేజ్ వెళ్లిపోయింది. పైగా సీసం లేని కొత్త రకం ప్రైమర్లు వస్తున్నాయి, అవి పాతవాటంత మన్నవేమో అని షూటర్లకి ముందే డౌటు. ఈ మూడూ కలిపితే మన పుకారు రెడీ.

మనకిది కొత్తా? 1857లో తూటాల కాగితానికి పూసిన కొవ్వు ఆవుదా, పందిదా అనే మాట దండులన్నీ తిరిగింది. కంపెనీ వాళ్లు ఆ కొవ్వు ఎక్కడిదో ముందే జాగ్రత్తగా చూసుకోలేదు, అందుకే తర్వాత ఎంత సర్దిచెప్పినా సిపాయిలు వినలేదు.

అమెరికాకి వద్దాం. పుకారు అబద్ధం, కానీ కొరత నిజం. 2009లో షాపుల్లో ప్రైమర్లు, తూటాలు వచ్చినవి వచ్చినట్టే మాయం. ర్యాక్ ఖాళీగా కనిపిస్తే ఇంకో వంద మందికి అనుమానం. ‘చూశావా, ఆపేశారు’ అంటారు. ఆపింది ప్రభుత్వం కాదు, ముందు రోజు నాలుగు డబ్బాలు ఎక్స్‌ట్రా కొన్న పక్కింటాయన. తర్వాత 2012, 2013లో ఇంకో వెర్షన్ వచ్చింది: హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖే తూటాలన్నీ కొనేస్తోందని. కాంగ్రెస్‌కి పనిచేసే ఆడిట్ సంస్థ లెక్కలు తీసి 2014 జనవరిలో రిపోర్ట్ ఇచ్చింది. ఆ శాఖ కొనుగోళ్లు 2009 నుంచి తగ్గుతూ వచ్చాయి!

నాకు చిరాకు తెప్పించేది ఒకటుంది. తూటా మీద కోడ్ ఉంటే హత్య కేసుల్లో పోలీసులకి నిజంగా పనికొస్తుందా? ఖర్చెవరిది? ఇంట్లో రీలోడ్ చేసుకునేవాళ్ల సంగతేంటి? ఇవి రెండు వైపులా కూర్చుని గట్టిగా వాదించుకోవాల్సిన ప్రశ్నలు. పుట్టని చట్టం మీద గొడవలో, కాగితం మీద ఉన్న బిల్లు సంగతి సగం మందికి తెలియనే లేదు.

మా కజిన్ డల్లాస్ దగ్గర ఉంటాడు. ఈ ఎపిసోడ్ కోసం వాడిని అడిగితే పక్కింటి పెద్దాయన గురించి చెప్పాడు. ఆయన 2009లో భయపడి కొన్న ప్రైమర్ డబ్బాలు గ్యారేజ్‌లో ఇంకా ఉన్నాయట. ఎక్స్‌పైర్ అయ్యాయా అంకుల్ అని అడిగాడట. పోయిన నెలే కొన్ని వాడా, అన్నీ పేలాయి అన్నాడట ఆయన.