విషపు మట్టిలో ఒలింపిక్ పార్కు.. లండన్ ఆ స్థలాన్ని ఎలా సిద్ధం చేసిందంటే?

2012 ఒలింపిక్స్ జరిగిన లండన్ స్టేడియం చోట ఒకప్పుడు ఫ్యాక్టరీలు, గోదాములు, పాత సామాన్ల యార్డులు ఉండేవి. తూర్పు లండన్‌లో స్ట్రాట్‌ఫర్డ్ పక్కనున్న లీ నది లోయ ఇది. ఏళ్ల తరబడి పరిశ్రమలు వదిలిన చమురు, తారు, సైనైడ్, ఆర్సెనిక్, సీసం నేలలోకి ఇంకిపోయాయి. 2005 జూలై 6న లండన్‌కు ఆతిథ్యం ఖరారైంది. అంటే చేతిలో ఉన్నది ఏడేళ్లే!

మట్టికీ ఆస్పత్రి!
200కు పైగా కట్టడాలు కూల్చేశారు. తవ్విన మట్టిని వేరేచోట పారబోయకుండా అక్కడే యంత్రాల్లో కడిగారు. ఈ యూనిట్లకు 'మట్టి ఆస్పత్రులు' అని పేరు. శుభ్రమైన మట్టిలో ఎక్కువ భాగాన్ని మళ్లీ పార్కులోనే వాడారు.

టవర్లు మాయం
స్థలం మీదుగా వెళ్లే హైటెన్షన్ లైన్లను భూగర్భ సొరంగాల్లోకి మార్చారు. తర్వాత 52 కరెంటు టవర్లను తీసేశారు. పూడిక, చెత్తతో నిండిన కాలువలనూ బాగుచేశారు.

ఖాళీ చేసిందెవరు?
ఇదంతా ఖాళీ జాగా కాదు. 200కు పైగా వ్యాపారాలు వేరేచోటికి తరలాయి. క్లేస్ లేన్ కాలనీలో ఉండే 400 మందికి పైగా ఇళ్లు వదిలారు. కూరగాయలు పండించుకునే మేనర్ గార్డెన్స్ మళ్లు కూడా పోయాయి.

ఇప్పుడేముంది?
క్రీడాకారుల గ్రామం 2,800కు పైగా ఇళ్లుగా మారింది. వాటిలో దాదాపు సగం మార్కెట్ కన్నా తక్కువ ధరవి. 2016 నుంచి స్టేడియం వెస్ట్‌హామ్ ఫుట్‌బాల్ జట్టుకు సొంత మైదానం. మట్టిని కడిగి అక్కడే వాడారు సరే.. అక్కడ బతికినోళ్లలో ఎందరికి మళ్లీ అక్కడే చోటు దక్కిందన్నదే అసలు ప్రశ్న.