పెద్దరోగముపై పశువైద్యుల విజయము

పూర్వము ఊరిలో పెద్దరోగము సోకినదన్న రైతుల గుండెలు జారిపోయెడివి. జ్వరము, నోటిపూత, విరేచనములతో ఆవులు, ఎద్దులు, గేదెలు కొలది దినములలోనే కూలిపోయెడివి. ఎద్దులు లేనిదే దుక్కి లేదు. దుక్కి లేనిదే పంట లేదు. శాస్త్రజ్ఞులు రిండర్‌పెస్ట్ అనునది ఈ వ్యాధినే.

పశువైద్య విద్యకు ఈ తెగులే బలమైన ప్రేరణ. 1761లో ఫ్రాన్సులోని లియాన్ నగరమున పాఠశాల స్థాపనకు బూర్జెలా అనుమతి పొందెను. మరుసటి ఏట తరగతులు ఆరంభమైనవి. ప్రపంచములో మొదటి పశువైద్య పాఠశాల అదియే.

మన దేశమున 1889లో పూనాలో వెలసిన పరిశోధనాలయము పిమ్మట హిమాలయ ప్రాంతమగు ముక్తేశ్వరమునకు తరలినది. అచ్చట 1920 దశకమున ఎడ్వర్డ్స్ ఈ వైరస్‌ను ఒక మేకనుండి మరియొక మేకకు వరుసగా ఎక్కించి, పశువులపై దాని తీవ్రతను తగ్గించి, టీకామందు సిద్ధపరచెను. 1954లో దేశవ్యాప్తముగా నిర్మూలన కార్యక్రమము మొదలైనది. 1960 ప్రాంతమున కెన్యాలో ప్లోరైట్, కణములలో వైరస్‌ను పెంచి, అన్ని జాతుల పశువులకును సురక్షితమైన టీకాను రూపొందించెను.

అయితే టీకా వేయుటతోనే పని ముగియలేదు. వ్యాధి నిజముగా పోయినదా, టీకా చాటున దాగినదా? ఇది తేలుటకు టీకాలు ఆపి, పశువైద్యులు ఊరూర తిరిగి, అనుమానమున్న ప్రతి పశువును పరీక్షింపవలసి వచ్చెను. భారతదేశమున చివరిసారి 1995లో కనిపించిన ఈ వ్యాధి, ప్రపంచమునుండి తొలగినట్లు 2011లో ప్రకటింపబడినది. మశూచి తరువాత మానవుడు పూర్తిగా నిర్మూలించిన వ్యాధి ఇదియొక్కటే.